మేక మాట్లాడిన తెలుగు

మొన్న సాయంత్రం ప్రొద్దుటూరులో మా అక్కవాళ్ళింట్లో కరెంటు పోతే, రెండో తరగతి చదివే మేనకోడలు ఫోను లైటు ముందు వేళ్ళు ముడిచి గోడ మీద కుందేలును నిలబెట్టి, దానిచేత ఇంగ్లీషులో ఏదో చెప్పించింది. దానికి తెలుగు రాదా అని అడిగాను. "బడిలో తెలుగు మాట్లాడితే మిస్సు బయట నిలబెడ్తాది మామా, కుందేలునైనా అంతే" అంది. తల నెరవకుండానే పాత రోజులంటూ మొదలుపెడితే నవ్వుతారని తెలుసుగానీ, గోడ మీద నీడలతో ఆడుకున్న మన ఈడువాళ్ళకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

డిగ్రీ అయిన కొత్తలో వేంపల్లె దగ్గర ఒక పల్లె బడిలో విద్యా వాలంటీరుగా చేరాను. పేరు పెద్దదే, అయ్యవారు సెలవు పెడితే పిల్లలు గోడ దూకకుండా చూడటమే పని. మసీదు వీధి పిల్లలకు ఇంట్లో ఉర్దూ, తండా పిల్లలకు లంబాడీ, పుస్తకానికి మాత్రం తెలుగొక్కటే. మూడో తరగతిలో ఒక తండా పిల్ల పేరు పిలిస్తే లేచి నిలబడేది, అంతే, నోరు విప్పేది కాదు. మనసు మంచిదైనా గొంతు పెద్దదైన మా హెడ్మాస్టరు, జనవరిలో జెండా పండగ కాగానే ఆ పిల్లను ఒకటో తరగతిలో వేస్తానన్నాడు. అది విని వాళ్ళమ్మ బడికొచ్చి, "తమ్మునితో పాటు కూచునేదానికి బడెందుకు సామీ, మిరప కోతలకు తోలుకపోతాం" అని తేల్చేసింది.

బొమ్మలాట నాకు అప్పుడే తట్టింది. గొప్ప ఆలోచనేం కాదు. పండగకు డాన్సు నేర్పమన్నారు, నాకు డాన్సు రాదు. నాన్న పెళ్ళి పంచె తెర అయింది, దాని మీది సాంబారు మరక లైటు పడితే మబ్బులా కనిపించేది. అట్టతో నేను కత్తిరించిన మేకను అందరూ కుక్క అనుకోవడంతో పిల్లలే కొమ్ములు అతికించారు. ఏ బొమ్మ పట్టుకున్నవాళ్ళు ఆ బొమ్మచేత తమ ఇంటి భాష మాట్లాడించాలని నియమం పెట్టాను. అలా ఎలుగుబంటిది ఉర్దూ, నక్కది తెలుగు, మేకది లంబాడీ అయింది. తెర వెనక్కి చేరగానే ఆ పిల్ల మేకచేత ఆపకుండా మాట్లాడించింది, ఒక్క ముక్క అర్థంకాక నేను తల ఊపుతూ కూర్చున్నాను. తరగతిలో రోజంతా ఆ పిల్ల చేసేదీ ఇదే కదా అని కాస్త ఆలస్యంగా వెలిగింది.

పండగనాడు కిటికీలకు గోనెపట్టాలు కట్టి, తల్లిదండ్రుల ముందు ఆట మొదలుపెట్టాం. బావికి దారేదని మేక లంబాడీలో అడిగింది. నక్కను పట్టుకున్న పిల్లవాడు మాట మరిచిపోయాడు. నేను తెర వెనక దేవుళ్ళందరినీ తలుచుకుంటుండగా మేక ముందుకు దూకి, అచ్చం హెడ్మాస్టరు గొంతుతో, "ఏంరా, నోట్లో ముద్ద పెట్టుకున్యావా? పలకవేంరా!" అని నక్కను ఉతికి, "వేపచెట్టు పక్కన సందులో పోతే బాయి వస్తాది, ఆడ నిన్ను తింటా, అంతేనా నీ మాట?" అని నక్క చెప్పాల్సింది కూడా తానే తెలుగులో చెప్పేసింది.

హాలంతా నవ్వింది. తన తిట్టు తనకే వినిపించిన హెడ్మాస్టరు లేచి తెర దగ్గరికి వచ్చాడు.

"ఇంత తెలుగు ఇన్నాళ్ళు యాడ దాచినావు పాపా?"

ఆ పిల్ల బయటికి రాలేదు, మేకను మాత్రం కాస్త పైకెత్తింది. "నేను మాట్లాడితే నన్ను జూసి నగుతారు సార్. ఇప్పుడు నగితే మేకకు పోతాది."

ఒకటో తరగతి మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ పిల్ల మూడో తరగతిలోనే ఉండిపోయింది. తల్లి దాన్ని అవ్వ దగ్గర వదిలి, తాను మాత్రం కోతలకు వెళ్ళింది. నా ఉద్యోగం ఏడాదికే ముగిసింది. ఇప్పుడు జమ్మలమడుగులో లెక్కలు రాసుకుంటున్నాను. ఆ బడిలో గోడంత టీవీ పెట్టారట. మంచిదే, దానికి సాంబారు మరక అంటదు. కానీ దాని వెనక దాక్కోవడానికి చోటు ఉండదేమో.

మొన్న కరెంటు వచ్చేలోపు మేనకోడలిని ఇంకోటి అడిగాను, ఆ కుందేలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందని.

"ఇంట్లో మాట్లాడదు మామా, ఫోను చూస్తాది."

అంతలో కరెంటు వచ్చింది. గోడ మీద కుందేలు లేదు. పంచె మాత్రం మా బీరువాలో ఇంకా ఉంది, మబ్బుతో సహా.