నా నెత్తురు పలికిన రేటు

ఆర్మూర్‌లో దవాఖాన మిషన్ల కంటే ముందే కేన్సర్‌ను పసిగట్టిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఎండిన పసుపు కొమ్మును రెండు వేళ్లతో పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, ఏ చేనుదో ఎన్నాళ్లు ఆరబెట్టారో చెప్పిన చెయ్యి నాది. అలాంటివాడికి సొంత ఒంట్లో తేడా వస్తే తెలియకుండా ఉంటుందా?

సరే, కొంచెం ఎక్కువైంది. ఏ చేనుదో అంతగా చెప్పేవాణ్ణి కాదు. కేన్సర్‌ను పసిగట్టింది కూడా నేను కాదు, చిన్న గొట్టంలోకి తీసిన నా నెత్తురు. ఆ గొట్టం దగ్గరికి నన్ను నెట్టింది నా భార్య. కానీ ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ కాలు నిలవదు, అందుకే నోరు కూడా నిలవలేదు.

పోయిన పసుపు సీజన్‌లో మా మార్కెట్ యార్డు షెడ్డు కింద కేన్సర్ పరీక్షల శిబిరం పెట్టారు. ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష, గర్భసంచి ముఖద్వారం పరీక్ష. తంబాకు నమిలేవాళ్లకు టార్చిలైటు వేసి బుగ్గల లోపల తెల్ల మచ్చలు వెతకడం. నాలాంటి ముసలి మగవాళ్లకు నెత్తురు పరీక్ష. నా భార్య అందరికంటే ముందు తన పరీక్షలు ముగించుకుని వచ్చి, కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం అరుగు మీద కూర్చున్న నన్ను పట్టుకుంది.

“రాత్రంత బాత్రూముకు తిరుగుడే నీ పని. లే, నువ్వు గూడ నెత్తురియ్యి.”

“నాకేమైంది? గుర్రం లెక్కున్న.”

“గుర్రం గన్నిసార్లు లేవది. నడువ్.”

పక్కనే మా బామ్మర్ది ఉన్నాడు. అదే యార్డులో మక్కల వ్యాపారం, అంటే మొక్కజొన్నలు, అతనిది. “పా బావా, నేను గూడ వస్త” అన్నాడు. ఇద్దరం పందెం కాసినట్టు చేతులు చాపాం.

సూది గుచ్చుతూ నర్సమ్మ చెప్పింది. మగవాళ్లకు మూత్రసంచి కింద ప్రోస్టేట్ అనే చిన్న గ్రంథి ఉంటుందట. అది తయారుచేసే పదార్థం ఒకటి నెత్తురులోకి కొద్దికొద్దిగా చేరుతుందట. దాని పేరు పీఎస్ఏ. నొప్పీ గిప్పీ ఏమీ లేనప్పుడే అది లోపలి సంగతి సైగ చేసి చెబుతుందట! నాకు భలే ముచ్చటేసింది. ఇన్నేళ్లు నాలోనే తిరుగుతున్న నెత్తురుకు ఇన్ని విషయాలు తెలుసని నాకేం తెలుసు?

కొన్నాళ్లకు రిపోర్టులు ఫోన్లకు వచ్చాయి. బామ్మర్దికి ఒకటి. నాకు పదకొండు.

ఇక్కడ మా యార్డు లెక్క ఒకటి చెప్పాలి. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ అందులో ఎంత ఉందో ల్యాబులో చూస్తారు. ఎక్కువ ఉంటే రేటు ఎక్కువ. ల్యాబు నుంచి పెద్ద అంకె వస్తే మాకు పండుగే. చిన్న అంకె వస్తే ఆ రైతు ఆ పూట అన్నం తినడు. నేను ఆ లెక్కనే పట్టుకుని, ఫోను చేత్తో ఎత్తి చూపిస్తూ చాయ్ హోటల్‌కు పోయాను.

“ఒక్కటేనా బామ్మర్దీ? నీ సరుకు పుచ్చిపోయింది.”

“ఏం తింటవ్ బావా, గింతగనం వచ్చెటందుకు?”

“పాలల్ల పసుపు. పొద్దుమాపు.”

“తాతది ఎక్స్‌పోర్టు సరుకు!” అని ఒక హమాలీ అరిచాడు. హోటలంతా నవ్వు. అందరికీ చాయ్ చెప్పాను. బామ్మర్ది పాపం చిన్నబోయి, ఆ రోజు నుంచి పాలల్లో పసుపు కలిపించుకుని తాగాడట.

శిబిరం వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. చందా అడుగుతారనుకుని నేను ఎత్తలేదు. ఒకరోజు నా భార్యే ఎత్తి స్పీకరు పెట్టింది.

“అమ్మా, తాత ఉన్నడా? రిపోర్టుల ఎక్కువొచ్చింది.”

“ఎరుకే బిడ్డా!” అని మంచం మీది నుంచే కేకేశాను. “అందరికి చాయ్ గూడ తాపిన!”

అవతలి నుంచి నర్సమ్మ గొంతు తగ్గించి అంది. “తాతా, గిది తక్కువుంటేనే మంచిది. జల్దీ డాక్టరుకు చూపెట్టుకో.”

నా భార్య ఒక్క మాట తిట్టలేదు. సంచీలో రిపోర్టు, నీళ్ల బాటిల్, నా కండువా పెట్టింది. ఆమె తిట్టనప్పుడే నాకు భయం. తెల్లారి నిజామాబాద్ బస్సెక్కాం.

డాక్టరు నెమ్మదస్తుడు. అంకె పెరిగితే కేన్సరేనని కాదు, వయసుతో గ్రంథి ఉబ్బినా, లోపల చీము పట్టినా పెరుగుతుంది అన్నాడు. మందులిచ్చి మళ్లీ పరీక్ష చేయించాడు. తగ్గలేదు. స్కానింగులో ఒక మూల నీడలాంటిది కనిపించింది. సూదితో చిన్న ముక్కలు తీసి చూడాలి అన్నాడు.

ఆ మాటతో నాకు యార్డు గుర్తొచ్చింది. “సార్, ఒక్క తావు గుచ్చితె లాభం లేదు. మక్కల బస్తాల పైన మంచి గింజలే పోస్తరు. నడుమల గుచ్చాలె, అడుగున గుచ్చాలె.”

డాక్టరు పడీపడీ నవ్వాడు. “చుట్టూ గుచ్చుతం తాతా. నీడ ఉన్న కాడ ఇంకా ఎక్కువ గుచ్చుతం.”

ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టింది. చివరికి డాక్టరు పిలిచి చెప్పాడు. కేన్సరే. చిన్నది. గ్రంథి గడప దాటలేదు. బద్ధకంగా పెరిగే రకం, ఇప్పుడే కోయక్కర్లేదు, నెత్తురు చూస్తూ స్కానింగు చూస్తూ కాపలా కాద్దాం అన్నాడు. ఎముకల్లో నొప్పి మొదలయ్యాక వచ్చి ఉంటే మాట వేరేగా ఉండేదని కూడా అన్నాడు. దొంగ ఇంకా ఇంట్లోంచి బయటపడక ముందే లైటు వేశాం! బస్టాండులో నా భార్య చెయ్యి పట్టుకుని గట్టిగా నవ్వాను. జనం చూస్తున్నారని ఆమె చెయ్యి లాక్కుంది, కానీ తనూ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు కొన్ని నెలలకోసారి నెత్తురిస్తాను. జీవితమంతా రేటు పెరగాలని మొక్కినవాణ్ణి, అంకె పెరగొద్దని ఎదురుచూస్తాను. మొన్నటి రిపోర్టులో పెరగలేదు. చిన్నపిల్లాడిలా ఎగిరాను.

ఈ సీజన్‌లో శిబిరం మళ్లీ పెట్టారు. మగవాళ్లు షెడ్డు బయటే నిలబడిపోతే నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కర్క్యుమిన్ లెక్క, ఎక్స్‌పోర్టు సరుకు, చాయ్, అన్నీ చెప్పాను. నవ్వుకుంటూ కొందరు లోపలికి పోయారు. ఒక పెద్ద వయసు హమాలీ మాత్రం కదల్లేదు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ అన్నాడు. “నువ్వంటె, అంకె ఎక్కువుంటె మంచిదో కాదో తెల్వక ఆలిశం జేసినవ్. నాకు తెలిసి గూడ కాళ్లు వస్తలెవ్వు.”

వెనక నిలబడ్డ నా భార్య ముందుకొచ్చింది.

“గీయన మాట నమ్మకు తమ్మీ. రిపోర్టు వచ్చిన పొద్దే మెడికల్ షాపాయనకు చూపెట్టిండు. మంచిగ లేదు, డాక్టరు కాడికి పో అని గాయన అప్పుడే చెప్పిండట. నాకు తర్వాత తెలిసింది. గీయన తెల్వక ఆగలే. నీ లెక్కనే భయపడి ఆగిండు.”