దుమ్ముకు తాళలేక పోయిందన్న మాట

ఆళ్లగడ్డలో మా శిల్పాల షెడ్డులో విగ్రహాలకు నునుపు పట్టించే పని చేసిన ఒకామె, రాతి దుమ్ముకు తాళలేక మానేసిందని ఊళ్లో చాలామంది నమ్మారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

నా లెక్కలు చూసే ఆడిటరు నంద్యాలలో ఉంటాడు. కొత్తవాళ్లను నెలజీతం మీద పెట్టుకుంటే, ఆ జీతంలో కొంత భాగానికి మూడేళ్లపాటు ఆదాయపన్నులో రాయితీ ఉందని ఆయన ఒకసారి చెప్పాడు. తిరుగు బస్సులో నేను పల్లెకు ఉపాధి చూపించిన మహానుభావుణ్నయిపోయాను. ఆళ్లగడ్డలో దిగేసరికి మనసులోనే నాకు సన్మానం కూడా జరిగిపోయింది.

ఆమె అప్పట్లో రోజూ నంద్యాలలోని విత్తనాల గోడౌనుకు పోయి వచ్చేది. ఊళ్లోనే పనిస్తాను, నెలజీతం అన్నాను.

"నిజంగా నెలనెలా ఇస్తావా అన్నా? ఆడ మానేస్తే మళ్లీ నా చోటు నాకుండదు" అంది.

ఇస్తానన్నాను. ఇచ్చాను కూడా. చిక్కంతా ఇచ్చిన తీరులో వచ్చింది. మా షెడ్డులో జీతమైనా కూలైనా విగ్రహం ముందు పెట్టి, ఆకూవక్కతో చేతికే ఇస్తాం. మా నాయన అట్లాగే ఇచ్చేవాడు. బ్యాంకులో వేయమని ఆడిటరు చెప్పిన సంగతి నాకు గుర్తుంది. కానీ లక్ష్మీదేవిలాంటి డబ్బును ఫోనులో పంపడం మర్యాద కాదనిపించింది.

ఏడాది చివర ఆడిటరు తల పట్టుకున్నాడు.

"చేతికిచ్చిన జీతానికి రాయితీ రాదప్పా. అప్పుడే చెప్పినా గదా."

"ఊరికే ఇయ్యలేదు, ఆకూవక్కతో ఇచ్చినా."

"ఆకూవక్కకు సెక్షన్ లేదు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నెలతోనే ఆమెను మాన్పించాను. ఎందుకని అడిగినవాళ్లకు నా తెలివితక్కువతనం చెప్పుకోలేక, "దుమ్ము పడలేదంట" అన్నాను.

గోడౌనులో ఆమె చోటు అప్పటికే నిండిపోయింది. ఊళ్లో ఏ షెడ్డుకు పోయినా, దుమ్ము పడనిదానికి రాతిపని ఎందుకని పంపించేశారు. ఒక రోజు టీ బంకు దగ్గర, శిల్పులందరి ముందు నన్ను పట్టుకుంది.

"అన్నా, నాకు దుమ్ము పడదని ఎవురు చెప్పినారు?"

"ఊర్లో అనుకుంటాండారు."

"ఊరికి చెప్పిందెవురు?"

ఎదురు షెడ్డు యజమాని నా వైపు తిరిగాడు. "బిరీన చెప్పప్పా, టీ ఆరిపోతాంది."

చెప్పాను. రాయితీ సంగతి, ఆకూవక్క సంగతి, దుమ్ము అబద్ధమని, అన్నీ చెప్పాను. శిల్పులు టీ ఒలికేదాకా నవ్వారు.

"అయితే ఆయమ్మను పన్ను కోసం పెట్టుకొని, పన్ను కోసమే తీసేసినావా?" అన్నాడు ఎదురు షెడ్డాయన.

అవునన్నాను. మళ్లీ పనికి రమ్మని ఆమెను అడిగాను.

"వద్దులే అన్నా. ఈసారి నాకేం పడదంటావో ఏమో."

ఎదురు షెడ్డాయన గ్లాసు కింద పెట్టి, "రేపట్నుంచి మా షెడ్డుకు రామ్మా" అన్నాడు.

"జీతం దుడ్లు యాడేస్తావ్?"

"బ్యాంకులోనే. ఈయప్ప కథ విన్నాక కూడా చేతికిస్తానా?"

ఆమె ఇప్పుడు అక్కడే పనిచేస్తోంది. పన్ను రాయితీ కూడా ఆయనకే వచ్చింది. ఇంకా ఎవరైనా ఆ దుమ్ము మాట ఎత్తితే నా దగ్గరికి పంపమని ఆమెతో అన్నాను. సరేనంది. పంపుతూనే ఉంది.