మనుషులుండే ఇమానం

మా ఆడబిడ్డ విజయమ్మ గొంతు ఒకసారి విన్నవాళ్లెవరూ మరచిపోరు. బేస్తవారిపేట పక్కన మా ఊళ్లో జొన్నచేలకు పిట్టలు తోలాలంటే ఆమెనే పిలిచేవాళ్లు. మంచె మీద నిలబడి ఒక్క కేక వేసిందంటే మూడు చేల అవతల పిట్టలు లేచేవి. తర్వాత అందరూ జొన్న మాని మిరప వేశారు. ఆ గొంతుతో ఎవరికీ పని లేకుండా పోయింది.

మొన్న వేసవిలో భూముల కొలతకని మార్కాపురం నుంచి ఫణికృష్ణ డ్రోను తెచ్చాడు. దుకాణదారుల బిడ్డ, మాట మెత్తన.

"నేను స్క్రీన్ మీంచి కన్ను తీయకూడదక్కా. నువ్వు నీళ్ల ట్యాంకెక్కి ఆకాశం చూస్తండు. విమానం వస్తే కేకెయ్యి, అంతే" అన్నాడు.

పిట్టలు తోలే పనే కదా అని ఒప్పుకుంది. ఖర్మ కాకపోతే ఏమిటి, ఊరంతా ఆ డ్రోనును కూడా ‘ఇమానం’ అనే అంటోందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు!

మూడోరోజు కొండ వైపు నుంచి చిన్న విమానం వచ్చింది. ఖనిజాలు వెతికేదట, బాగా కిందుగా ఎగురుతోంది. డ్రోను సరిగ్గా దాని దారిలో ఉంది. కింద జనరేటరు మోతలో ఫణికి విమానం చప్పుడు వినపడలేదు, విజయమ్మ కేక మాత్రమే వినపడింది.

"ఇమానం వస్తాంది నాయనా!"

"ఔనక్కా, నేనే తెస్తన్నా!"

"అది కాదయ్యా! ఇమానం! ఇమానం!"

"కనపడతాందిలే, అరవబాక!"

నలభై మెట్ల ఇనుప నిచ్చెన. దిగేలోపు అంతా అయిపోతుంది. ఉన్న ఒక్క మాటా పనికిరాకుండా పోయింది. "ప్రభువా, దానికింకో పేరేంది?" అని ఏడ్చేసింది. అప్పుడే విమానం అద్దంలో ఒక ఎర్రటోపీ కనపడింది.

"మనుషులుండే ఇమానం రా!"

ఫణి తలెత్తాడు. గబుక్కున డ్రోనును నేలకు దించేశాడు. అది బీడులో పడింది, రెక్కలు విరిగాయి. విమానం వెళ్లిపోయింది. లోపలున్నవాళ్లకు ఏమీ తెలియదు.

"ఏం కాలేదు గదక్కా, ఎవరితో అనబాక. రేపు ఇంకో డ్రోను తెస్తా" అన్నాడు ఫణి.

"నేను రాను. వేరేవాళ్లను పిలుచుకో."

"ఇంకెవరున్నారక్కా? నువ్వు రాకుంటే నేనొక్కణ్ణే ఎగరేసుకుంటా."

రాత్రంతా ఆమె నిద్రపోలేదు. మర్నాడు చూస్తే మళ్లీ నిచ్చెన ఎక్కుతోంది. నాకు ఒళ్లు మండింది. "నీకెందుకే ఈ గోల? దిగు!" అని అరిచాను.

"నేను దిగితే అది ఎగరకుండా ఉంటదా వదినా? ఆ ఎర్రటోపీ ఆయన మళ్లా వస్తాడు" అని పైకి ఎక్కేసింది.