చాక్లెట్లు తేకుండా వచ్చిన పిల్ల

జర్మనీ వాళ్ళు భానుప్రియను వెనక్కి పంపేశారన్న మాటలో ఆవగింజంత నిజం లేదు. చిలకలగూడలో పుట్టిన ఆ మాట పద్మారావు నగర్ బేకరీ దాకా నడిచిపోయి, పరీక్ష తప్పిందని ఒక తోక, ఎవరో తెల్లబ్బాయిని నమ్మి మోసపోయిందని ఇంకో తోక తగిలించుకుని మళ్ళీ చిలకలగూడకే వచ్చింది. ఇంతకీ దీనికంతటికీ మూలం చాక్లెట్లు. బయటిదేశం నుంచి వచ్చిన పిల్లలు దిగిన మర్నాడు ఇంటింటికీ గుప్పెడు చాక్లెట్లు పంచడం మన వీధి రివాజు. భానుప్రియ మే నెల ఎండలో ఒక్క పెట్టెతో ఆటో దిగింది. మర్నాడు పంచలేదు. ఆ వారమంతా పంచలేదు. డబ్బా నిండా తెచ్చుకుని ఇవ్వకపోతే పిసినారి అనేవారు. అసలు తేనే లేదని తెలిసేసరికి, తరిమేస్తే తప్ప ఎవరైనా అలా వస్తారా అన్నారు.

ఆ పిల్ల సంగతి మొదటినుంచీ చెప్పాలి.

తండ్రి కన్నారావుది పలాస వైపు ఊరు. సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. చిలకలగూడలో రెండు గదుల వాటా, భార్య దేవి, ఈ ఒక్కతే కూతురు. పిల్ల ఎమ్మెస్ చదువుకని జర్మనీలోని మాగ్డెబర్గ్ వెళ్ళాక కన్నారావు రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఒక గులాబీ బొమ్మ పంపేవాడు, మీద శుభోదయం అని రాసి ఉండేది. ఆమె చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపేది. వాళ్ళిద్దరి మధ్య మాటలు తక్కువ, బొమ్మ మాత్రం ఒక్కపూట తప్పేది కాదు.

మాగ్డెబర్గ్‌లో ఆమె ఉన్నది స్టూడెంట్ హాస్టల్లో. నలుగురికి నాలుగు గదులు, అందరికీ కలిపి ఒక వంటగది, ఫ్రిజ్‌లో తలా ఒక అర. హిరుత్ అనే ఇథియోపియా అమ్మాయి, ఒక వియత్నాం కుర్రాడు, ఒక కొలంబియా పిల్ల, ఈమె. మొదటి ఆదివారం పప్పులో పోపు పెడితే ఎండుమిర్చి పొగకు సీలింగు మీది అలారం మోగి, హాస్టలంతా చలికోట్లు వేసుకుని మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత ఆమె పోపు పెట్టే రోజున వియత్నాం కుర్రాడు కిటికీ తెరిచి, అట్టముక్కతో విసురుతూ నిలబడేవాడు. ఎవరి భాష వాళ్ళ గదిలో వదిలేసి వచ్చి, వంటగదిలో నలుగురూ వచ్చీరాని ఇంగ్లీషులో నవ్వుకునేవారు. ఆ పిల్ల అక్కడ బాగానే ఉండేది. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే కష్టాలు పడలేక వచ్చిందనే వాళ్ళూ ఉన్నారు.

రెండో ఏడు జనవరి ఆఖరులో గుండె పట్టేసి కన్నారావు పోయాడు. కూతురికి పరీక్షలు నెత్తి మీదున్నాయి. కన్నారావును ఇంకా వాకిట్లో పడుకోబెట్టి ఉండగానే ఆయన తమ్ముడు సత్యదేవ్ దేవిని పక్కకు పిలిచాడు.

"వదినా, ఇప్పుడు చెప్తే అది పరీక్షలు వదిలీసి పరిగెత్తుకొచ్చేస్తాది. వచ్చీసరికి ఇక్కడ ఏటుంటాది? పరీక్షలు అయ్యాక నేనే చెప్తాను."

మన ఇళ్ళల్లో ఇది కొత్తేమీ కాదు. దూరాన ఉన్నవాళ్ళకు చావు కబురు దాచడం దయ అనుకుంటాం. వీధంతా ఒక్క మాట మీద నిలబడింది. ఒక్కరూ స్టేటస్ పెట్టలేదు.

మర్నాడు తెల్లవారుతూనే దేవికి గులాబీ గుర్తొచ్చింది. బొమ్మ వెళ్ళకపోతే పిల్లకు అనుమానం వస్తుంది. పక్కవాటా శేషారత్నం రోజూ ఊరందరికీ పంపే బొమ్మల్లోంచి ఒకటి తీసి, భర్త ఫోన్లోంచి కూతురికి పంపింది. పెద్దకర్మ నాడు కూడా పంపింది. వీడియో కాల్ చేస్తే కెమెరా పాడైందనేది. "నాన్నేడమ్మా?" అంటే, "నైట్ డ్యూటీ," అనేది. అవతల భానుప్రియ చేతులు జోడిస్తూనే ఉంది.

ఆఖరి పరీక్ష రాసి ట్రామ్ స్టాపులో నిలబడి ఇంటికి ఫోన్ చేస్తే బాబాయి ఎత్తాడు. పరీక్ష బాగా రాసేవా అని అడిగాడు. రాశానంది. అప్పుడు చెప్పాడు. ఆమె అంతా విని, "సరే బాబాయ్," అంది. ట్రామ్ వచ్చింది, ఎక్కింది. పరీక్షలు అయిపోయాయని హాస్టల్లో కొలంబియా పిల్ల మొక్కజొన్న రొట్టెలు చేసింది. భానుప్రియ రెండు తిని, బాగున్నాయని చెప్పి, తన కంచం కడిగి బోర్లించింది.

గదిలోకి వెళ్ళి ఫోన్లో గులాబీల్ని వెనక్కి జరుపుతూ చూసింది. నాన్న పంపినవీ, అమ్మ పంపినవీ ఒకేలా ఉన్నాయి.

ఏడుద్దామని కూర్చుంది. రాలేదు. ఇంటికి వస్తానని తల్లితో అంటే, "అన్నీ అయిపోయేయి, ఇప్పుడొచ్చి ఏటి చేస్తావు, చదువు చూసుకో," అంది దేవి. సరేనంది.

రెండ్రోజుల తర్వాత వంటగదిలో ఉప్పు అడుగుతూ హిరుత్‌తో ఈ సంగతి కూడా చెప్పింది. హిరుత్ స్టవ్ ఆపేసింది.

"మా దేశంలోనూ దూరాన ఉన్నవాళ్ళకు దాస్తారు," అంది. "కానీ చెప్పాల్సిన రోజున తెల్లవారకముందే అయినవాళ్ళందరూ కలిసి తలుపు దగ్గరికి వస్తారు. పట్టుకుని చెప్తారు. కలిసి ఏడుస్తారు. నీ దగ్గరికి ఎవరొచ్చారు?"

"ఫోనొచ్చింది."

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే తలుపు చప్పుడైంది. తీస్తే హిరుత్ తెల్లని శాలువా కప్పుకుని నిలబడింది. వెనకాల నిద్రకళ్ళతో కొలంబియా పిల్ల, చెప్పులు తారుమారుగా వేసుకున్న వియత్నాం కుర్రాడు. "మీ నాన్నగారు చనిపోయారు," అని హిరుత్ మెల్లగా చెప్పి, ఆమెను పట్టుకుని ఏడ్చింది. కొలంబియా పిల్లా ఏడ్చింది. ఆ కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. వాళ్ళు పడుతున్న శ్రమ భానుప్రియకు తెలుస్తూనే ఉంది. తనే హిరుత్ వీపు నిమిరింది. తర్వాత ముగ్గురికీ అల్లం టీ పెట్టి ఇచ్చింది.

ఇక థీసిస్ ఒక్కటే మిగిలింది. కంప్యూటర్ తెరిచేది, చూసేది, మూసేది. నెలలు అలాగే గడిచాయి. చివరికి ప్రొఫెసర్ పిలిచి, అక్టోబరు దాకా ఆగుతాను, అప్పటికీ రాకపోతే పేరు కొట్టేస్తారన్నాడు. మే నెలలో ఎవరికీ చెప్పకుండా టికెట్ కొనుక్కుని వచ్చేసింది. ఇంట్లో అడుగుపెట్టి గోడ మీద దండ వేసిన నాన్న ఫొటోను క్యాలెండర్ చూసినట్టు చూసి, కాళ్ళు కడుక్కుంది.

అప్పటినుంచీ దేవి కూతుర్ని ఒక్క మాట అడగలేదు. వేళకు అన్నం పెడుతుంది. బంధువులు అడిగితే సెలవులంటుంది. అడిగితే జవాబు గులాబీల దగ్గరికే వస్తుందని ఆమె భయం. అడక్కపోతే అక్టోబరులో కాలేజీ తెరిచే వేళ దాటిపోతుందని ఇంకో భయం.

శ్రావణం ముందు ఒక మధ్యాహ్నం దేవి వాకిట్లో గోంగూర ఒలుస్తుంటే శేషారత్నం, ఎదురింటి గ్రేసీ వచ్చి చెరో కట్ట ముందుకు లాక్కున్నారు. భానుప్రియ గడప మీద కూర్చుని ఉంది.

"ఏం బిడ్డా, అక్టోబర్ల కాలేజీ షురూ గదా, టికెట్ చేసినవా?" అంది గ్రేసీ.

"లేదాంటీ."

"వాళ్ళే పంపేశారని బేకరీలో అనుకుంటున్నారమ్మా," అంది శేషారత్నం. "నేను మాత్రం ఎవరితోనూ అన్లేదు."

"నువ్ గాక ఇంకెవరు అంటరు అక్కా? బేకరీల కుర్చీ నీదే గదా."

"నీ నోరు పడిపోను. ఎండకు చాక్లెట్లు కరుగుతాయని తేలేదేమోనని నేనే సర్ది చెప్పాను. కదమ్మా?"

"మర్చిపోయానండీ," అంది భానుప్రియ.

శేషారత్నం దేవి వైపు తిరిగింది. "కన్నతల్లివి, నువ్వు అడగవే. మేం అడిగితే కెలికారంటారు."

"నీకేటి పని, ఆకు ఒలువు," అంది దేవి. అంది గానీ, చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

"ఏలొచ్చేవే? ఆ బొమ్మలు పంపేనని నా మీద కోపంతోనే చదువు వదిలీసేవా?"

శేషారత్నం చేతిలో కట్ట కింద పెట్టింది.

భానుప్రియ కొంచెం ఆలోచించింది. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"వదల్లేదమ్మా. ఇంటికొస్తే నీ మీద కోపమైనా వస్తాది, నాన్న కోసం ఏడుపైనా వస్తాది, ఏదో ఒకటి వచ్చీశాక వెళ్దామని వచ్చేను. ఇంకా ఏదీ రాలేదు."