మారయ్య చప్పట్లు

మా భజన బృందంలో మారయ్యకు ఉన్నది ఒక్కటే అలవాటు: చప్పట్లు. దానికి వేళాపాళా లేదు. సిటీ బస్సు డ్రైవరు కుదుపు లేకుండా ఆపితే కొడతాడు. దిల్‌సుఖ్‌నగర్ బండి మీద దోశ చిరగకుండా లేస్తే కొడతాడు. దవాఖానలో పన్ను పీకించుకుని, నోట్లో దూది ఉండగానే డాక్టరుకు కొట్టాడు.

"పోచంపల్లిల మగ్గం అమ్మినంక చేతులకు పని లేకపాయె. గందుకే గిట్ల," అంటుంది ఆయన భార్య రాజేశ్వరమ్మ.

అందరం నవ్వుకుంటాం గానీ, నాకు లోపల ఒక కోపం ఉండేది. ఒక శనివారం చంపాపేట గుళ్లో పాడుతూ పాడుతూ చరణం మరిచిపోయాను. నోరు తెరిచి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే, తాళంతో సంబంధం లేకుండా, మారయ్య టపటపా మొదలుపెట్టాడు. అందరూ ఆయన్ని చూసి నవ్వారు. ఆ నవ్వుల్లో నాకు చరణం గుర్తొచ్చింది, నిజమే. కోపం మాత్రం పోలేదు.

మా మనవరాలు జ్యోతిక వయొలిన్ నేర్చుకుంది. అరవైమంది కలిసి వాయించే సింఫనీ ఆర్కెస్ట్రాలో మొదటిసారి ఆఖరి వరుసలో కుర్చీ దొరికింది. ఈ ఒక్క కచేరీ బాగా వాయిస్తేనే ఆ కుర్చీ ఆమెకు ఉంటుంది. మా బృందం మొత్తానికి పాసులు తెచ్చి, మారయ్య ముందు కూర్చుంది.

"తాతా, నాలుగు భాగాలుంటయ్. నడుమ ఆగినప్పుడు అస్సలు కొట్టొద్దు."

"మరి అయిపోయిందని ఎట్ల తెల్వాలె బిడ్డా?"

"పుల్ల పట్టుకొని మనకు వీపు పెట్టి నిలబడే సారు ఇటు తిరిగి దండం పెడ్తడు. అప్పుడు."

"అచ్చం పూజారి లెక్కనే! హారతి అయినంకనే మనదిక్కు తిరుగుతడు," అని మెచ్చుకుని మారయ్య చప్పట్లు కొట్టాడు. జ్యోతిక ముఖం పాలిపోయింది.

దానికి రాజేశ్వరమ్మే ఉపాయం ఆలోచించింది. హాల్లో కూర్చోగానే సంచిలోంచి చుట్టలా ఉన్న పట్టు నూలు లడి తీసి, ఆయన రెండు చేతులకూ తగిలించింది. "కదిలినవో, నూలు చిక్కువడ్తది." నేత మనిషికి ఇంతకు మించిన బేడీలు లేవు.

"పెద్దాయన చేతులకేమైందండీ?" అంది పక్క సీటావిడ.

"చప్పట్ల రోగం అమ్మా," అన్నాడు మారయ్య వినయంగా.

మొదటి భాగం ఆగింది. ఆయన నూలు వంక చూస్తూ బుద్ధిగా కూర్చున్నాడు. రెండో భాగం కూడా ఆగింది. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు ఆఖరి వరుసలో టక్కుమని చప్పుడు. జ్యోతిక వయొలిన్ వాయించే కమాను చేయి జారి చెక్క నేల మీద దొర్లింది. తలలు అటు తిరగబోతున్నాయి. పిల్ల బిగుసుకుపోయింది. నేను కళ్లు మూసుకుని నరసింహస్వామిని తలచుకున్నాను.

టప! టప! టప!

కళ్లు తెరిచేసరికి మారయ్య లేచి నిలబడి కొడుతున్నాడు. లడి సగం మెడకు, సగం పక్క సీటావిడ గాజులకు చుట్టుకుంది. హాలంతా ఇటే తిరిగింది. "ష్ష్!" "ఎక్కడోళ్లండీ వీళ్లు!" ఆఖరికి ఆ సారు కూడా తిరిగాడు. మారయ్య నూలుతో సహా దండం పెట్టాడు. "మాఫ్ చెయ్యుండ్రి సారూ, తెల్వక కొట్టిన."

సారుకే నవ్వొచ్చింది. ఆయన మళ్లీ అటు తిరిగేసరికి జ్యోతిక కమాను వయొలిన్ మీద ఉంది. తర్వాత ఎలా వాయించిందంటారా? నాకు రాగం తెలియదు గానీ, పిల్ల వీపు నిటారుగా ఉంది.

తిరుగు మెట్రోలో, ఆఖరి స్టేషన్ ఎల్బీ నగర్‌కు పోతూ, మారయ్యను అడిగాను. "నిజంగ తెల్వకనే కొట్టినవా?"

"తెల్వకేందన్నా? అందరు ఆ పొల్లను చూస్తుండిరి. నన్ను చూస్తే నాకేం పోతది?"

నాకు చంపాపేట గుడి గుర్తొచ్చింది.

రాజేశ్వరమ్మ తిట్టుకుంటూ, లడిని మళ్లీ ఆయన చేతులకు తగిలించి చిక్కు తీయసాగింది. అంతలో, మాతోనే మెట్రో ఎక్కిన జ్యోతిక ఫోన్ చూసుకుని కేకేసింది. "తాతా! వచ్చే కచేరీకి కూడా నా కుర్చీ నాకే!"

అందరం మారయ్య వైపు చూశాం. పాపం, చేతులు ఖాళీ లేవు. అందుకని మేమే కొట్టాం, మెట్రో పెట్టె మొత్తానికీ వినబడేలా.

"గిట్ల నడుమల కొడ్తరా?" అని కసిరాడు మారయ్య. "ఇంక ఎల్బీ నగర్ రానేలేదు!"