మా చెల్లె

ఖమ్మంలో కాలేజీ పిల్లలకు మానవ హక్కుల పాఠం చెబుతాను. తోడబుట్టినవాళ్లు లేరు, ఒక్కదాన్నే ఉంటాను. కొన్నేళ్ల కింద భద్రాచలం బస్సులో నా పక్కన ఒక కోయ యువతి కూర్చుంది. ఊళ్లో మావోయిస్టులకూ పోలీసులకూ మధ్య గొడవలకు భయపడి ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చిందట.

"ఇక్కడ అటుదానివంటరు, అక్కడ ఇటుదానివంటరు," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

పాల్వంచ దాటాక తనిఖీకి బస్సు ఆపారు. ఒక పోలీసు ఎక్కి, "ఏ ఊరు నీది?" అని ఆమెను అడిగాడు. ఆమె తన చెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టింది.

నేను చెప్పే పాఠాల్లో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"నాతోటే వస్తున్నది సార్. మా చెల్లె," అన్నాను.

అతను మా ఇద్దరి మొహాలూ చూసి దిగిపోయాడు.

కాసేపటికి, ఇల్లన్నది కనపడని చోట ఆమె బస్సు ఆపించుకుంది. "పోయొస్త అక్కా," అని చెట్లలోకి నడిచిపోయింది. ఆ పిలుపు నాకు అలవాటు లేదు.

దేశాలన్నీ కలిసి రాసుకున్న మానవ హక్కుల ప్రకటన పాఠాన్ని ఇప్పుడు పుస్తకంతో మొదలుపెట్టను. "ఏ ఊరూ తమ మనిషని ఒప్పుకోని వాళ్లు మీ పక్కన కూర్చుంటే, ఎవరని చెబుతారు?" అని అడుగుతాను. ఎవరో ఒకరు జవాబు చెప్పాకే పుస్తకం తెరుస్తాను.