దుప్పటి లాగేశాక కదిలిన బండి

మా బావ ఫ్యాన్లు రిపేరు చేస్తాడు. చేస్తాడంటే విప్పుతాడు, అంతే. తిరిగి బిగించడం మా అక్క పని. కాలిపోయిన మోటారుకు రాగితీగ చుట్టడం పెళ్లయ్యాక ఆమె నేర్చుకుంది. ఆయన కోతలు కోయడంలో ఆరితేరాడు. కొట్టు ముందు కుర్చీ వేసుకుని, దారినపోయే వాళ్లను ఆపి, తన బుర్రలో పుట్టిన యంత్రాల గురించి చెబుతుంటాడు. వీధివాళ్లు ఆయనకు ‘గాలిమోటారు’ అని పేరు పెట్టారు. అది వెక్కిరింతని తెలిసీ మురిసిపోయే రకం.

ఆ ఎండాకాలం ఆయనకు పెట్రోలు అక్కర్లేని బండి తోచింది. బేరింగు చక్రాల మీద ఒక చెక్కబల్ల. వెనక అంచున నిలువెత్తు స్టాండు ఫ్యాను. ముందు రెండు బొంగులు పాతి తెరచాప. ఫ్యాను గాలి తెరచాపను తోస్తుందట, తెరచాప బండిని లాక్కుపోతుందట. తెరచాపకు గుడ్డ కావాలిగా, అక్క కొత్తగా కొనుక్కున్న దుప్పటిని అడక్కుండా ఎత్తుకుపోయాడు.

నేను బళ్లో సైన్సు చెబుతాను. చూసి ఊరుకోలేకపోయాను.

“ఇది నడవదు బావా. ఫ్యాను గాలిని ముందుకు తోస్తే, గాలి ఫ్యానును అంతే బలంగా వెనక్కి తోస్తుంది. ఆ గాలే వెళ్లి దుప్పటిని ముందుకు తోస్తుంది. ఆ రెండూ బిగించింది ఒకే బండికి. ఇక బండి ఎటు పోవాలి?”

“ముందుకే.”

“మీరు బండిలో కూర్చుని బండినే తోస్తే కదులుతుందా?”

“మీ పుస్తకాల గాలి వేరు మరదలా, నా ఫ్యాను గాలి వేరు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆదివారం పొద్దున వీధంతా పోగైంది. బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఫ్యాను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కొట్టులోంచి పొడుగాటి వైరు లాగి స్విచ్చి వేశారు. దుప్పటి బానపొట్టలా ఉబ్బింది. బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. అంగుళం కదల్లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. బేరింగులకు నూనె సరిపోలేదన్నాడు, పోయించాడు. రోడ్డు ఎగుడన్నాడు, బండిని రెండోవైపుకు తిప్పించాడు. గాలిలో తేమ ఉందన్నాడు. ఎదురుకొట్టు మంగలి ఇక ఆగలేక, “దిగి తోసుకుంటే పోలా గాలిమోటారుగారూ!” అన్నాడు.

ఆ నవ్వులకు అక్క బయటికొచ్చింది. చేతిలో కటింగ్ ప్లేయరు.

“ఏమండీ, అది నా దుప్పటేనా?”

“సైన్సు కోసమేనే...”

“సైన్సుకు నా దుప్పటే దొరికిందా?”

బొంగులకు కట్టిన ముడులు టకటకా కత్తిరించి ఒక్క గుంజు గుంజింది. ముందుకు తోసే తోపు పోయింది. వెనక్కి తోసేది మిగిలింది. బండి మెల్లగా వెనక్కి కదిలి, ఊపందుకుంది. “ఆపండి! ఆపండి!” అని బావ ఎవరిని అరిచాడో ఆయనకే తెలియాలి. వైరు సాగినంత సాగి ప్లగ్గు ఊడింది. వచ్చిన ఊపుకి బండి ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన ఇసుకకుప్పను గుద్దుకుంది. బావ ఫ్యానుతో సహా వెల్లకిలా ఇసుకలో పడ్డాడు.

కిందపడ్డా తనదే పైచేయి. నోట్లో ఇసుక ఉమ్మేసి, “చూశారా, నడిచింది!” అని లేచాడు. సాయంత్రానికల్లా కథ మారిపోయింది. దుప్పటి తెరచాప కాదట, బ్రేకట. దాన్ని తీసెయ్యమని అక్కకు సైగ చేసింది తానేనట.

సిగ్గులేనిది ఆయనొక్కడికే అయితే సరిపోను. మా హెడ్మాస్టరు ఆ కథ విని, పిల్లలకు బండి చూపించమని ఆయన్ను బడికి పిలిచాడు. ఫ్యాను వెనక ఉన్న గాలిని లాక్కుంటూ పోతుందని బావ చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో పిల్ల ఒకతె లేచింది. “మరి దుప్పటి కట్టింది ముందు కదండీ, వెనక గాలిని ఫ్యాను అప్పుడెందుకు లాక్కోలేదు?”

“అప్పుడు దానికి మూడ్ లేదమ్మా.”

హెడ్మాస్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. మర్నాడు నేను ఆ పిల్లకు చక్రాల బూట్లు తొడిగి, గోడను తొయ్యమన్నాను. గోడ కదల్లేదు, పిల్ల వెనక్కి జారింది. పిల్లలకు అర్థమైంది. హెడ్మాస్టరుకు ఇప్పటికీ కాలేదు.

బావను ఇప్పుడు చుట్టుపక్కల బడులన్నీ పిలుస్తున్నాయి. ఆయన లేని రోజుల్లో కొట్టులో పని రెట్టింపు సాగుతోంది. మొన్న అక్క రాగితీగ చుడుతూ, తలెత్తకుండానే అడిగింది:

“ఇంకా దూరంలో ఏదైనా బడి ఉంటే చెప్పవే, పంపిద్దాం.”